కూత తెగని ఇల్లు

ఉప్పునుంతలలో బస్సు దిగి మా వెనక వీధికి రావాలంటే బాబా వీడియో ఇంటి ముందు నుంచే రావాలి. ఇంకో దారి ఉంది కానీ అది పొలాల మీదుగా చుట్టు తిరిగి వస్తుంది, పైగా పాములుంటాయి. అయినా ఈ చలికాలమంతా మా ఊరివాళ్ళు పాముల దారే నయమనుకున్నారు.

ఎందుకంటే బాబా వీడియో ఇంట్లో దెయ్యం కబడ్డీ ఆడుతోంది.

నవ్వకండి. నవ్వినవాళ్ళందరూ తర్వాత లుంగీ ఎగగట్టి ఉరికినవాళ్ళే. వాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి చెప్తున్నాను.

బాబా ఎవరో ముందు చెప్పాలి. చుట్టుపక్కల పెండ్లిళ్ళకూ, జాతరలకూ, ఆటలపోటీలకూ వీడియో తీసింది ఆయనే. భుజం మీద బియ్యం మూటంత కెమెరా, నోట్లో ఒకటే మాట— "జర పక్కకు జరుగు భాయ్, కనబడ్తలేదు." పెండ్లిపిల్ల మేనమామకైనా, సర్పంచుకైనా, అడ్డమొచ్చిన దున్నపోతుకైనా అదే మాట, అదే మర్యాద. ఆయన చనిపోయి చాలా ఏండ్లయింది. భార్య సుల్తానాబీ తమ్ముడింటికి, పక్క వీధికి మారిపోయింది. ఆ ఇంటికి గొళ్ళెం పడింది. లోపల ఆయన క్యాసెట్లు, ఆయన టీవీ, కిటికీకి ఆయన కట్టిన నల్లగుడ్డ అట్లాగే ఉండిపోయాయి.

మొదట విన్నది మల్లమ్మ. చివరి బస్సు దిగి, కూరగాయల గంప నెత్తిన పెట్టుకొని వస్తోంది. వీధిలో పిట్ట లేదు. ఆ ఇంటి దగ్గరికి వచ్చేసరికి లోపల్నుంచి ఒక ఈల...

మల్లమ్మ ఆగింది.

ఎక్కడో బావి అడుగున జనం అరుస్తున్నట్టు చప్పుడు. ఆ తర్వాత ఒక్క గొంతు. "కబడ్డీ... కబడ్డీ... కబడ్డీ..." ఊపిరి తీసుకోకుండా, ఆగకుండా, అదే పనిగా.

తలుపు చూసింది— బయట గొళ్ళెం పెట్టే ఉంది. కిటికీ చూసింది— దీపం లేదు. గంప అక్కడే పడింది, మల్లమ్మ ఇంట్లో పడింది. టమాటాలు తెల్లవారి ఏరుకున్నారు.

పొద్దున్నకు దెయ్యం పుట్టింది. మధ్యాహ్నానికి దానికి ఊరూ పేరూ వచ్చాయి. అమ్రాబాద్ ఆటగాడట, కూతలో ఉండగానే ప్రాణం పోయిందట, లోపల మిగిలిన కూత విడవడానికి తిరుగుతున్నాడట. సాయంత్రానికి "మా తాత గూడ విన్నడు" అన్నవాడు దొరికాడు. ఆ ఇల్లు కట్టేనాటికి వాళ్ళ తాత పోయి కాలమైంది. అయినా ఎవరూ అడగలేదు. దెయ్యం కథలో లెక్కలు అడిగేవాడు ఊరికి పనికిరాడు.

మందు కూడా ఊరే కనిపెట్టింది. ఆట దెయ్యానికి ఆట రూలే మందు! కరెంటు స్తంభం దగ్గర ఊపిరి బిగబట్టి కూత పెట్టాలి. "కబడ్డీ కబడ్డీ" అంటూ ఇంటి ముందు నుంచి ఉరకాలి. వీధి చివర నీళ్ళ నల్లా దాకా కూత తెగొద్దు. నల్లా ముట్టుకుంటే గీత తాకినట్టే, దెయ్యం పట్టినా విడిచిపెట్టాల్సిందే. నడుమ కూత తెగిందా... కాలు దొరకబుచ్చుకుంటుంది.

ఇక చూడాలి మా వీధి! చీకటి పడితే చాలు, ముసలమ్మలు కూత పెట్టేవాళ్ళు. కొత్తకోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని సిగ్గుగా కూత పెట్టేది. బ్యాంకు ఆఫీసరొకాయన బండి మీదే పోయేవాడు, అయినా హెల్మెట్ లోపల్నుంచి సన్నగా "కబడ్డీ కబడ్డీ" వినబడేది. ఊరికి ఊరు కబడ్డీ జట్టయి కూర్చుంది.

ఒక్కడు మాత్రం ఆ వీధిలో కాలు పెట్టలేదు. పంక్చర్ శాంతయ్య.

అతని కథ ఊరందరికీ తెలుసు. ముప్పై ఏండ్ల కిందటి మాట. శివరాత్రికి సోమశిలలో పోటీలు, ఫైనల్లో అమ్రాబాద్ మీద మా ఊరు. చివరి కూతకు శాంతయ్య పోయాడు. నలుగురు మీద పడి పట్టుకున్నారు. ఆ నలుగురినీ ఈడ్చుకుంటూ వచ్చి, బోర్లా పడి, వేళ్ళు చాచి నడిగీత తాకాడు. కూత నిలిచి ఉంటే ఆ నలుగురూ ఔట్, షీల్డు మాది. కానీ రెఫరీ సామ్యూల్ సార్ ఈల వేసి చెయ్యెత్తారు— గీత తాకకముందే కూత తెగింది, శాంతయ్యే ఔట్. అంతే, షీల్డు మా ఊరి దారి పట్టకుండానే అమ్రాబాద్ కొండెక్కింది.

"నా కూత తెగలే" అన్నాడు శాంతయ్య ఆనాడు. ఈనాటికీ అదే మాట. పోశమ్మ మీద ఒట్టేశాడు, పిల్లల మీద ఒట్టేశాడు. ఎవరూ నమ్మలేదు. జట్టు కెప్టెన్ పోచయ్య స్వయానా అతని బావ, భార్య రుక్కమ్మకు అన్న. బస్టాండు దగ్గర శాంతయ్య పంక్చర్ దుకాణం ముందు బెంచీ మీద కూర్చుని రోజూ ఒకటే ఎత్తిపొడుపు— "టైర్లకు గాలి కొట్టేటోనికి ఛాతిల గాలి లేకపాయె!" బెంచీ అంతా నవ్వేది. బావాబామ్మర్దుల సరసం కదా, శాంతయ్య కూడా పండ్లు కనబరిచేవాడు. లోపల మాత్రం కాలేది.

సామ్యూల్ సార్ రిటైరై మా ఊళ్ళోనే ఉన్నారు. శాంతయ్య ఆయన సైకిలుకు ఒక్కనాడూ గాలి కొట్టలేదు. సార్ కూడా పట్టుదల మనిషే. గాలి లేని టైరుతో సైకిలు నడిపించుకుంటూ పక్క ఊరికి పోయేవారు గానీ ఈ దుకాణం ముందు ఆగేవారు కాదు.

ఇట్లాంటివాడు కూత పెట్టి దెయ్యం ఇల్లు దాటుతాడా? పాముల దారి పట్టాడు. కానీ పోచయ్య ఊరుకుంటాడా...

"బావా, బడిపోరగాండ్లు పోతుండ్రు. మల్లమ్మ పోతుంది. నువ్వు సోమశిల ఫైనల్ ఆడినోనివి. జర సోచాయించు!"

బెంచీ నవ్వింది. శాంతయ్య గాలి పంపు కింద పెట్టి, ఆ రాత్రే పోతానన్నాడు.

దుకాణం మూసి, స్తంభం దగ్గర నిలబడ్డాడు. చల్లగాలి. దూరంగా ఒక కుక్క మొరిగి మానేసింది. ఊపిరి నిండా పీల్చి కూత పెట్టాడు, అడుగులు వేశాడు. కిటికీ దగ్గరికి వచ్చాడు.

లోపల కూత వినబడింది.

వినబడుతుందని తెలిసే పోయాడు. కానీ అట్లాంటి కూత వినబడుతుందని మాత్రం అనుకోలేదు. ప్రతి ఆటగాడికీ కూతలో ఒక వాటం ఉంటుంది. శాంతయ్యది ముక్కుతో వచ్చే కూత, డబ్బాలో కందిరీగ చిక్కినట్టు ఉంటుంది. మూడోసారికొకమారు చివర లాగుతాడు— "కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ-డ్డీ-డ్డీ..."

లోపల్నుంచి వస్తున్నది అదే. ఆ ముక్కు, ఆ లాగుడు. అతని గొంతే!

 నోట్లో కూత తెగింది. దెయ్యం కాలు పట్టుకుందో లేదో తెలియదు కానీ ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది.

ఆ రాత్రి జ్వరం కాసింది. రుక్కమ్మ నుదుటి మీద తడిగుడ్డ వేస్తే శాంతయ్య దాన్ని తీసేసి గుసగుసగా అన్నాడు—

"లోపల ఉన్నోడు ఎవడో గాదే... నేనే."

"నువ్వు ఈడ ఉంటివి గద!"

"మరి ఈడున్నోడు ఎవడు?"

రుక్కమ్మ తడిగుడ్డ మళ్ళీ నుదుటి మీద వేసింది. తెల్లవారి దర్గాకు పోయి తాయెత్తు కట్టించుకొచ్చింది. ఎవరి గొంతు వాళ్ళకు బయటినుంచి వినబడితే కాలం దగ్గరపడ్డట్టేనని పెద్దలంటారు. శాంతయ్యకు చావంటే కూడా అంత భయం లేదు. కూత తెగినోడన్న పేరుతో పోవడమంటేనే భయం. పాడె మోసేవాళ్ళు కూడా "పాపం, జర దమ్ము తక్కువ" అనుకుంటారేమోనని దిగులు.

జ్వరం దిగేసరికి ఒక తెగువ వచ్చింది. ఒక రాత్రి లేచి, కండువా నడుముకు బిగించాడు.

"ఏడికి?" అంది రుక్కమ్మ.

"ఆడ ఉన్నోడు నేనే గద. వాన్నే అడుగుత— ఆనాడు తెగిందా, తెగలేదా? వానికంటే ఎక్కువ ఎవనికి తెలుస్తది?"

తన దెయ్యాన్ని తానే సాక్ష్యం అడగబోయిన మనిషిని నేను వేరే ఎక్కడా వినలేదు.

స్తంభం దగ్గర ఈసారి కూత పెట్టలేదు. మెల్లగా నడిచాడు. లోపల జనం హోరు... ఈల... మళ్ళీ హోరు. గొళ్ళెం తీశాడు. తాళం లేదు. తలుపు కిర్రుమంది.

చీకటి. ఆ చీకట్లో నీలం వెలుగు. ఆ వెలుగులో... మనుషులు ఎగురుతున్నారు!

శాంతయ్య గోడకు అతుక్కుపోయాడు. కండ్లు గట్టిగా మూసి, తాయెత్తు పట్టుకొని, ఒక కన్ను తెరిచాడు.

టీవీ.

బాబా పాత డబ్బా టీవీ. దాని కింద క్యాసెట్ పెట్టే వీసీఆర్, పక్కన చిన్న లైటు మిణుకుమనే ల్యాప్‌టాప్, నడుమ పేగుల్లాంటి వైర్లు. టీవీ ముందు మడత గుడ్డ మీద పడుకోబెట్టిన సెల్‌ఫోన్ ఒకటి. గదిలో పురుగు లేదు.

"అమ్మ నీ యవ్వ... క్యాసెట్టు!" అన్నాడు శాంతయ్య. నవ్వొచ్చింది. ఊరందరినీ ఉరికించిన దెయ్యం ఇదా!

నవ్వుతూనే తెర మీదికి వంగాడు. ఇసుక, దుమ్ము, వెనక సోమశిల దగ్గరి కృష్ణానది. చీపురుపుల్లంత సన్నగా, ఇంతంత మీసంతో పోచయ్య. ఎర్ర బనీన్లు... అమ్రాబాద్ వాళ్ళు.

నవ్వు ఆగిపోయింది. ఇది ఫైనల్.

ముప్పై ఏండ్లు ఎవరి కాళ్ళు పట్టుకున్నా దొరకని సాక్ష్యం కండ్ల ముందు నడుస్తోంది. ఇంకాసేపట్లో చివరి కూత వస్తుంది. ఊరందరి నోళ్ళూ మూతబడతాయి. శాంతయ్య టీవీకి అడ్డంగా, ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు. 

"జర పక్కకు జరుగు భాయ్... కనబడ్తలేదు."

బాబా గొంతు. క్యాసెట్ నిండా ఆయన మాటే కదా, అడ్డమొచ్చిన ప్రతివాడికీ. శాంతయ్య పాత అలవాటు కొద్దీ చటుక్కున పక్కకు జరిగాడు. జరిగి, తన తెలివితక్కువతనానికి తానే నాలుక కరుచుకున్నాడు.

తెర మీద పడుచు శాంతయ్య నేల ముట్టి మొక్కి, గీత దాటాడు. "కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ-డ్డీ-డ్డీ..." ఒకడు కాలు పట్టాడు. ఒకడు నడుము పట్టాడు. మిగతా ఇద్దరు మీద పడ్డారు. దుమ్ము లేచింది. ఆ నలుగురి కింద నుంచి కందిరీగ కూత వస్తూనే ఉంది. పాకుతున్నాడు... చెయ్యి చాస్తున్నాడు... గీత జానెడు దూరంలో ఉంది...

కూత ఆగింది.

రెప్పపాటు. ఒక్క గుటక. తెర మీద ఆగింది కానీ గదిలో ఆగలేదు! ముసలి శాంతయ్య గొంతులోంచి, అతన్ని అడగకుండానే, కూత ఎగిరొచ్చింది. "కబడ్డీ కబడ్డీ కబడ్డీ-డ్డీ-డ్డీ..." మెడనరాలు ఉబ్బి, కండ్లు బైర్లు కమ్మి, పడుచువాడి వేళ్ళు గీత తాకేదాకా విడవలేదు. తర్వాత కూలబడ్డాడు. చెవులు గింగురుమంటున్నాయి. ఇంకేమీ వినబడలేదు.

కాసేపటికి విషయం తలకెక్కింది. కూత తెగింది. సామ్యూల్ సార్ చెప్పింది నిజం. పోశమ్మ మీద వేసిన ఒట్టు అబద్ధం. ఇన్నేండ్లూ అబద్ధమాడాలని ఆడలేదు, తెగలేదనే నమ్మాడు. నమ్మిందంతా ఆ ఒక్క గుటకతో పోయింది.

చెయ్యి వీసీఆర్ మీదికి పోయింది. మీట నొక్కితే క్యాసెట్ బయటికి వస్తుంది. వేలు పెట్టి రీలు గుంజితే చాలు, సాక్ష్యం ఉండదు. ఎవరు చేశారంటే— దెయ్యం!

వేలు మీట మీద ఉంది. కండ్లు తెర మీద ఉన్నాయి. అక్కడ పడుచు శాంతయ్య దుమ్ములో కూర్చుని ఏడుస్తున్నాడు. పోచయ్య వచ్చాడు. తిట్టడానికేమో అనుకున్నాడు శాంతయ్య. కాదు. పోచయ్య బిందె ఎత్తి అతని తల మీద నీళ్ళు పోశాడు, కండువాతో మొహం తుడిచాడు, చంకల కింద చేతులు వేసి లేపి నిలబెట్టాడు.

ఎత్తిపొడుపులన్నీ గుర్తున్నాయి. ఈ నీళ్ళు మాత్రం మరిచిపోయాడు.

మీట మీద నుంచి వేలు తీసేశాడు. తలుపు దగ్గరికి లాగి, గొళ్ళెం పెట్టి, ఇంటికి పోయాడు. దెయ్యం ఏమందని రుక్కమ్మ అడిగితే "తెగిందన్నది" అని ముసుగు తన్నాడు.

మర్నాడు మెహజబీన్ స్కూటీకి గాలి కొట్టించుకోవడానికి వచ్చింది. బాబా బిడ్డ, నాగర్‌కర్నూల్‌లో ఫోటో స్టూడియోలో పని. శాంతయ్య పంపు కొడుతూ మెల్లగా కదిపాడు.

"మీ నాయన ఇంట్ల టీవీ నడుస్తుందేంది బిడ్డా?"

ఆ పిల్ల అటూ ఇటూ చూసి, నవ్వు ఆపుకుంది. "ఎవ్వరికి చెప్పకు కాకా. అబ్బా తీసిన ఆటల క్యాసెట్లన్ని కంప్యూటర్ల ఎక్కిస్తున్న. బూజు పడుతున్నయి, ఇంకో వానకాలం ఆగవు. పొద్దంత మోటార్లు నడిస్తె వోల్టేజీ పడి బొమ్మ వణుకుతది, అందుకే రాత్రి పెడ్త. క్యాసెట్టు ఎంతసేపుంటె అంతసేపు నడవాల్సిందే. పెట్టి, అమ్మ తానకు పోయి పంటున్న."

"తాళమన్న వెయ్యరాదు?"

"తాళమెందుకు కాకా, ఊరంత కలిసి దెయ్యాన్ని కావలి పెట్టిండ్రు గద!"

శాంతయ్య నవ్వలేకపోయాడు. "గివి ఎవరికోసం?"

"పోచయ్య మామ చెప్పిండు. శివరాత్రి టోర్నమెంటుకు తెర కట్టి అందరికి చూపిస్తడంట. సోమశిల ఫైనల్ మొదలు."

శాంతయ్య గాలి కొడుతూనే ఉన్నాడు. చాలు కాకా, టైరు పగులుతదని మెహజబీన్ అనేదాకా కొడుతూనే ఉన్నాడు.

శివరాత్రి వచ్చింది. బడి మైదానంలో తెల్లతెర కట్టారు. ఊరంతా చాపలేసుకుంది. ముందు వరసలో కుర్చీలో సామ్యూల్ సార్. వెనక, చీకట్లో, కండువా మొహానికి అడ్డం పెట్టుకొని శాంతయ్య. పక్కన రుక్కమ్మ అతని చెయ్యి పట్టుకొని ఉంది.

పోచయ్య మైకు అందుకున్నాడు. "ఇప్పుడు చూడుండ్రి! మా బావ కూత ఏడ తెగిందో ముందుగాల చెప్పినోళ్ళకు జిలేబీ!"

తెర మీద దుమ్ము లేచింది. నలుగురూ మీద పడ్డారు. కందిరీగ కూత మైదానమంతా వినబడుతోంది. పాకుతున్నాడు... చెయ్యి చాస్తున్నాడు... గీత జానెడు...

శాంతయ్య కండ్లు మూసుకున్నాడు.

కూత ఆగలేదు!

సాగింది. ఇంకా గట్టిగా, ఇంకా బలంగా సాగింది, వేళ్ళు గీత తాకేదాకా. "కబడ్డీ-డ్డీ-డ్డీ..."

 మైదానం హోరెత్తింది. మళ్ళీ వెయ్యమన్నారు. మళ్ళీ వేశారు. తెగలేదు. పోచయ్య చేతిలో మైకు కింద పడి కీచుమంది. "బావా..." అంటూ చాపలు తొక్కుకుంటూ ఉరికొచ్చి శాంతయ్యను కావలించుకొని ఏడ్చాడు. "తప్పైంది బావా... ఇన్నేండ్లు నిన్ను ఎంత ఆడిపోసుకుంటిని..."

అంతలో సామ్యూల్ సార్ లేచారు. కర్ర పొడుచుకుంటూ వచ్చారు, మొహం పాలిపోయింది. అందరి ముందూ చేతులు జోడించారు. "శాంతయ్యా, నీకు అన్యాయం చేసిన. నా చెవులు మోసం చేసినయి."

శాంతయ్య ముప్పై ఏండ్లుగా కలలో చూసుకున్నది సరిగ్గా ఇదే. సార్ చేతులు జోడించడం, ఊరంతా చూడడం. తీరా వచ్చేసరికి తట్టుకోలేకపోయాడు. సార్ రెండు చేతులూ పట్టుకొని దించాడు.

"లేదు సార్! మీరు సరిగ్గనే చెప్పిండ్రు. నా కూత తెగింది. మొన్న రాత్రి నేను నా చెవులతోని విన్న. ఇప్పుడు గిట్ల ఎందుకు వినబడ్డదో నాకు తెల్వదు. కాని తెగింది... పోశమ్మ తోడు!"

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మల్లమ్మ కండ్లొత్తుకుంది. "ఎంత మంచి మనసయ్యా! సార్ ఇజ్జతు కాపాడనీకె పోశమ్మ మీద అబద్ధపు ఒట్టేస్తుండు!"

చప్పట్లు. శాంతయ్యను భుజాల మీదికెత్తారు. పైనుంచి "తెగిందయ్యా! తెగింది!" అని అరుస్తూనే ఉన్నాడు పాపం. తెగలేదన్నంత కాలం ఊరు నమ్మలేదు, తెగిందంటే అసలే నమ్మలేదు. మా ఊరి సంగతి మీకింకా తెలియదు.

మిగతాది నాకు మెహజబీన్ చెప్పింది.

మర్నాడు ఆమె శాంతయ్యనూ సామ్యూల్ సార్‌నూ బాబా ఇంటికి పిలిచింది. పట్టపగలు, తలుపులు బార్లా తెరిచి, అసలు క్యాసెట్ పెట్టింది. గీత జానెడు దూరంలో ఉండగా కూత ఆగింది. గుటక స్పష్టంగా వినబడింది. ఆ వెంటనే కెమెరా వెనక నుంచి బాబా గొంతు, దిగులుగా— "అయ్యో... తెగిపాయె."

సామ్యూల్ సార్ గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. "నా చెవులు మంచిగనే ఉన్నయి" అన్నారు, చిన్నపిల్లాడిలా.

"మరి నిన్నటిదేంది?" అన్నాడు శాంతయ్య.

"వీసీఆర్ వెనక సౌండు పిన్ను ఖరాబైంది కాకా. బొమ్మ వైరుల నుంచి కంప్యూటర్లకు పోతది, సౌండు మాత్రం టీవీలనే వస్తది. అందుకే టీవీ ముందట ఫోను పెట్టి సౌండు రికార్డు చేసుకొని, బొమ్మకు అతికిస్తున్న. ఆ రాత్రి నువ్వు లోపలికొచ్చి కూత పెట్టినవు గద? ఫోను పక్కనే ఉంటివి. నీ అరుపుల అబ్బా మాట గూడ మునిగింది."

సార్ ముందు నవ్వారు. తర్వాత శాంతయ్య నవ్వాడు, కండ్లలో నీళ్ళు వచ్చేదాకా. ముప్పై ఏండ్ల కిందట మొదలుపెట్టిన కూత మొన్న పూర్తిచేశాడన్నమాట. సార్ కర్ర అందుకుంటూ, "నా సైకిలు బయట ఉన్నది. గాలి కొడ్తవా?" అన్నారు. "కొట్టక! ఇయ్యాల్నుంచి ఫ్రీ సార్" అన్నాడు శాంతయ్య.

సార్ వెళ్ళిపోయారు. మెహజబీన్ మాత్రం నవ్వలేదు.

"కాకా... ఆ రాత్రి నీతోని ఇంకెవరన్న వచ్చిండ్రా?"

"ఎవ్వరు రాలే బిడ్డా. ఎందుకు?"

"నువ్వు టీవీకి అడ్డం నిలబడ్డవా?"

"నిలబడ్డ. మీ నాయన క్యాసెట్ల 'జర పక్కకు జరుగు' అంటె, జరిగిన గూడ" అని నవ్వబోయాడు.

ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

మెహజబీన్ క్యాసెట్ వెనక్కి తిప్పింది. చివరి కూతకు ముందు నుంచి పెట్టింది. హోరు... ఈల... పడుచు శాంతయ్య నేలకు మొక్కాడు, గీత దాటాడు. బాబా మాట లేదు. ఇంకోసారి పెట్టింది. ఆ చోట ఆయన నోరే మెదపలేదు.

తర్వాత ఫోన్ తీసి, శాంతయ్య చెవి దగ్గర పెట్టింది. అదే హోరు, అదే ఈల. దగ్గరగా, పక్కనే నిలబడి అన్నట్టు—

"జర పక్కకు జరుగు భాయ్... కనబడ్తలేదు."

 కూత మొదలైంది. తెగాల్సిన చోట అతని ముసలి గొంతు అందుకుంది, గీత దాకా పోయింది, ఆగింది. రొప్పుడు వినబడింది. ఆ రొప్పుడు మీద, మెల్లగా, ఇష్టంగా, ఇంకొక మాట—

"శాబాష్... శాంతూ భాయ్!"

శాంతయ్యను ఆ పేరుతో పిలిచింది లోకంలో ఒక్క మనిషే.

"నిన్న చూపించినప్పుడు ఈ ముక్కలు రెండు కోసేసిన" అంది మెహజబీన్.  "నా ఫోన్లనే దాచుకున్న కాకా. అమ్మకు ఒక్కసారి వినిపించిన. భయపడ్తదనుకున్న. భయపడలే... రోజు నిద్రపొయ్యే ముందట వినిపియ్యమంటుంది."

టోర్నమెంట్ అయిపోయింది. క్యాసెట్ల పని కూడా చివరికొచ్చింది. లోపలున్నది టీవీయేనని ఊరందరికీ తెలిసిపోయింది, ఇప్పుడెవరూ కూత పెట్టడం లేదు. పోచయ్య ఎత్తిపొడుపులు మానేశాడు గానీ, బెంచీకి ఏమీ తోచక మళ్ళీ మొదలుపెట్టమని శాంతయ్యే అడిగాడు.

శాంతయ్య కూడా చివరి బస్సు పోయాక ఆ వీధినే ఇంటికి వస్తున్నాడు. నింపాదిగా, కూత లేకుండా నడుస్తాడు. కిటికీ దగ్గరికి రాగానే మాత్రం, ఎవరూ ఏమీ అనకపోయినా, జర పక్కకు జరుగుతాడు.